విరిగిన వీణకి 824 రూపాయలేనా?

శ్రీకాకుళం జిల్లా నుంచి ఒక టీచరమ్మ రాసిన ఉత్తరం ఇది, కాస్త కుదించి ఇస్తున్నాను.

"మా మేనకోడలు పుణెలో ఉంటుంది. చిన్నప్పుడు వీణ నేర్చుకుంది, ఇప్పుడు ఇల్లు కొనుక్కుంది. గృహప్రవేశానికి వెళ్లలేక, బొబ్బిలి వెళ్లి రెండడుగుల చిన్న వీణ 5,600 పెట్టి కొన్నాను. షాపువాళ్లే అట్టపెట్టెలో పెట్టి ఇచ్చారు. దగ్గర్లోని పోస్టాఫీసులో స్పీడ్ పోస్ట్ పార్సిల్ చేశాను, 412 రూపాయలు తీసుకున్నారు. ఐదో రోజుకి చేరింది. వాళ్ల అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ తీసుకుని ఉంచాడట. అమ్మాయి రెండు రోజుల తర్వాత విప్పి చూస్తే దండి (వీణ పొడవాటి మెడ) కుండ (కింది గుండ్రటి భాగం) దగ్గర విరిగిపోయి ఉంది, యాళి తల (దండి చివర ఉండే సింహం లాంటి బొమ్మ) ఊడి పెట్టెలో దొర్లుతోంది. పోస్టాఫీసుకి వెళ్లి అడిగితే 'ఇన్సూరెన్స్ చేశారా?' అన్నారు. లేదన్నాను. 'అయితే ఏం రాదమ్మా' అన్నారు. మా తమ్ముడు కన్జూమర్ కోర్టులో వేసేయమంటున్నాడు, ఇకమీదట ప్రైవేటు కొరియరే మేలు అని కూడా అంటున్నాడు. నాకు 5,600 వస్తాయా? అసలు అడగాల్సింది నేనా, మా మేనకోడలా?"

అమ్మా, ముందు మీకు నచ్చని మాట చెప్పేస్తాను, తర్వాత నచ్చేవి చెబుతాను. 5,600 పోస్టల్ శాఖ నుంచి రావు. కానీ కౌంటర్లో ఆయన అన్న "ఏం రాదు" కూడా నిజం కాదు. ఇన్సూరెన్స్ లేని స్పీడ్ పోస్టు పోయినా, లోపలి వస్తువు పాడైనా ఏళ్లుగా నడుస్తున్న లెక్క ఒకటుంది. మీరు కట్టిన స్పీడ్ పోస్టు చార్జీకి రెట్టింపు, లేదా 1,000 రూపాయలు, ఈ రెండిట్లో ఏది తక్కువైతే అది. మీరు కట్టింది 412, రెట్టింపు చేస్తే 824, వెయ్యికన్నా తక్కువ కాబట్టి మీకు వచ్చేది 824. వీణ ధర 5,600 అయినా, లోపల 56,000 పెట్టి చేయించిన పెద్ద కచేరీ వీణ ఉన్నా, లెక్క ఇదే. వస్తువు విలువతో దీనికి సంబంధం లేదు, మీరు కట్టిన చార్జీతోనే సంబంధం.

ఇదేం న్యాయం అని మీకు కోపం రావడం సహజం. నాకూ వచ్చింది మొదటిసారి తెలిసినప్పుడు. దీని వెనక పాత కథ ఉంది. 1898 నాటి ఇండియన్ పోస్టాఫీసు చట్టంలో ఆరో సెక్షన్ అని ఒకటి ఉండేది. ఉత్తరం పోయినా, వేరేవాళ్లకి చేరినా, ఆలస్యమైనా, పాడైనా, ప్రభుత్వం తానుగా ఒప్పుకున్నంత మేరకే బాధ్యత, అంతకు మించి లేదు అని అది చెప్పేది. తెల్లదొరలు వెళ్లిపోయినా ఆ సెక్షన్ మాత్రం వెళ్లలేదు. దాని బదులు 2023లో కొత్త పోస్టాఫీసు చట్టం చేశారు, 2024 జూన్ 18 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో పదో సెక్షన్ చూస్తే మళ్లీ దాదాపు అదే మాట, రూల్స్‌లో రాసినంత బాధ్యతే తప్ప ఇంకేమీ లేదని. ఉద్యోగి మోసం చేశాడనో, కావాలని నష్టం చేశాడనో చూపిస్తే అతని మీదికి వెళ్లొచ్చు. పోస్టు బస్తాలో పడి విరిగిన దండికి ఎవరు కావాలని చేశారని చూపిస్తారు మీరు?

మీ తమ్ముడు చెప్పిన కేసు సంగతి తర్వాత మాట్లాడదాం. ముందు ఈ 824 అయినా చేతికి రావాలంటే ఏం చేయాలో చూద్దాం, ఎందుకంటే మీ వాదనలో ఒక చిల్లు ఉంది. పార్సిల్ వాచ్‌మన్ తీసుకున్నాడు, పెట్టె రెండు రోజులు గేటు దగ్గర గదిలో ఉంది, విప్పింది ఆ తర్వాత. పోస్టు వాళ్లు మొదట అనేది ఇదే, "మేం ఇచ్చినప్పుడు బాగానే ఉంది, ఆ తర్వాత ఏమైందో మాకేం తెలుసు?" అని. దీనికి జవాబు పెట్టె మీదే ఉంటుంది. కాబట్టి ఈ జవాబు చదవగానే మీ మేనకోడలికి ఫోన్ చేసి, పెట్టె పారేయొద్దని చెప్పండి. మనవాళ్లు వస్తువు దాచి అట్టపెట్టె చెత్తబుట్టలో వేస్తారు. ఇక్కడ వీణ ముక్కలకన్నా ఆ అట్టపెట్టే ముఖ్యం. ఏ మూల నలిగింది, ఎక్కడ చిరిగింది, టేపు ఎవరైనా విప్పి మళ్లీ వేశారా, లోపల పెట్టిన కాగితాలు ఎంత అణిగిపోయాయి, అవన్నీ దాని మీదే కనబడతాయి. ఆరు వైపులా ఫోటోలు తీయమనండి, పోస్టు లేబులూ దాని మీది 13 అక్షరాల నంబరూ చదవగలిగేలా ఒకటి, విరిగిన చోట దగ్గరగా ఒకటి, పక్కన స్కేలో చెయ్యో పెట్టి ఒకటి. వాచ్‌మన్ ఏ రోజు ఎన్ని గంటలకి తీసుకున్నాడో రిజిస్టర్లో రాసుంటే ఆ పేజీ ఫోటో కూడా. లేదంటే అతన్నే రెండు ముక్కలు రాసి సంతకం పెట్టమనొచ్చు, "తీసుకున్నప్పుడే పెట్టె మూల నలిగి ఉంది" అని. నలిగి ఉంటేనే సుమా. లేనిది రాయించొద్దు, ఎందుకంటే ట్రాకింగ్‌లో సంతకం, టైము అన్నీ వాళ్ల దగ్గరా ఉంటాయి.

ఇక్కడ మిగతా పాఠకుల కోసం ఒక మాట. పార్సిల్ చేతికి వచ్చినప్పుడే పెట్టె నలిగినట్టో, తడిసినట్టో, లోపల గలగలమన్నట్టో అనిపిస్తే సంతకం పెట్టి తీసేసుకోకండి. పోస్ట్‌మ్యాన్‌తో గొడవ కూడా పెట్టుకోకండి, పాపం అతను మోసుకొచ్చాడే గానీ విరగ్గొట్టలేదు. "ఓపెన్ డెలివరీ కావాలి" అనండి, చాలు. అంటే పార్సిల్‌ని పోస్టాఫీసులో పోస్ట్‌మాస్టర్ ముందు విప్పి, తూకం వేసి, లోపల ఏముంది, ఏ స్థితిలో ఉంది అని కాగితం మీద రాయడం. బుకింగ్ రసీదు మీద ఉన్న బరువుకి ఇప్పటి బరువు తగ్గితే అదీ అందులో పడుతుంది. ఆ ఒక్క కాగితం ఉంటే తర్వాత వాదన సగం తగ్గిపోతుంది. మనకి సిగ్గు, మొహమాటం, వెనక క్యూలో ఉన్నవాళ్లు ఏమనుకుంటారో అని. అడగండి, అది మీ హక్కే.

ఎవరు అడగాలి అన్నారు. ఫిర్యాదు ఇద్దరిలో ఎవరైనా ఇవ్వొచ్చు. కానీ డబ్బు సాధారణంగా పంపినవాళ్లకే ఇస్తారు, రసీదు మీ దగ్గరుంది కాబట్టి మీరే పెట్టండి. ఆలస్యం చేయొద్దు. ఈ వారంలోనే, వీలైతే రేపే. "సెలవుల్లో తీరిగ్గా చూస్తాను" అంటే అప్పటికి ఫైలు చల్లారిపోతుంది. ఇండియా పోస్టు వెబ్‌సైటులో పెట్టొచ్చు, లేదా 1800 266 6868 కి ఫోన్ చేయొచ్చు, డబ్బులు పడవు. ఎలా పెట్టినా ఫిర్యాదు నంబరు తీసుకోండి. దాంతోపాటు మీరు పోస్టు చేసిన ఆఫీసు పోస్ట్‌మాస్టర్ గారికి కాగితం మీద కూడా ఒకటి ఇచ్చి, రెండో కాపీ మీద స్టాంపు వేయించుకోండి. నోటితో అడిగితే నోటితోనే "ఏం రాదమ్మా" అంటారు, కాగితం మీద అడిగితే కాగితం మీద జవాబివ్వాలి, అప్పుడు ఎవరూ ఊరికే "రాదు" అని రాయరు.

ఆ కాగితంలో రామాయణమంతా రాయకండి. గృహప్రవేశం, మేనకోడలి కన్నీళ్లు, బొబ్బిలి వీణకున్న పేరు ఇవన్నీ నాకు రాశారు, బాగుంది, వాళ్లకి వద్దు. ఇలా రాయండి చాలు: "ఫలానా తేదీన ఫలానా నంబరుతో స్పీడ్ పోస్ట్ పార్సిల్ బుక్ చేశాను, చార్జీ 412 రూపాయలు. ఫలానా తేదీన బట్వాడా అయింది. విప్పి చూడగా లోపలి వస్తువు విరిగి ఉంది. బయటి పెట్టె కింది మూల నలిగి ఉంది. రసీదు, కొన్న బిల్లు, ఫోటోలు జత చేశాను. విరిగిన వస్తువూ పెట్టే భద్రపరిచి ఉన్నాయి, ఎప్పుడైనా పరిశీలించవచ్చు. నిబంధనల ప్రకారం నాకు రావలసిన పరిహారం ఇప్పించగలరు. నిరాకరిస్తే కారణం రాతపూర్వకంగా తెలుపగలరు." ఆ చివరి వాక్యం మరిచిపోవద్దు. బ్యాంకు ఖాతా వివరాలు అడిగితే అప్పుడివ్వండి.

ఒకటి రెండు వారాల్లో కదలిక లేకపోతే మీ పోస్టల్ డివిజన్ సూపరింటెండెంట్‌కి రాయాలి. ఇక్కడ ఓ తిరకాసు ఉంది. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు రాజాం లాంటి ఊళ్లు శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వెళ్లాయి, పాలకొండ మన్యం జిల్లాలో పడింది, కానీ పోస్టల్ డివిజన్ గీతలు జిల్లా గీతలతో కలవనక్కర్లేదు. మీది శ్రీకాకుళం డివిజనా, విజయనగరమా, పార్వతీపురమా అన్నది కౌంటర్లోనే అడిగి తెలుసుకోండి, లేకపోతే కాగితం ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి తిరుగుతూ ఇంకో నెల తింటుంది. మూడు నెలలకోసారి డాక్ అదాలత్ (పోస్టల్ శాఖ వాళ్లే ఫిర్యాదులు వినే సభ) పెడతారు, ముందు ఫిర్యాదు చేసి తేలని వాళ్లు అందులో తెల్లకాగితం మీద రాసి ఇవ్వొచ్చు, తేదీ పోస్టాఫీసు నోటీసు బోర్డు మీదా పేపర్లోనూ వేస్తారు. అక్కడా కాకపోతే కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్ ఉంది, 21 రోజుల్లో తేల్చాలని వాళ్లు పెట్టుకున్న గడువు. నా అనుభవంలో దీనికి కింది ఆఫీసులు బాగా కదులుతాయి, ఎందుకంటే పెండింగ్ లెక్క పైవాళ్లకి కనబడుతుంది.

ఇంకో పాత చిట్కా, సమాచార హక్కు. పది రూపాయల పోస్టల్ ఆర్డరు జత చేసి "నా ఫిర్యాదు నంబరు ఫలానా, దాని మీద ఏ తేదీన ఎవరు ఏం చర్య తీసుకున్నారో కాపీలు ఇవ్వండి" అని అడగడం. ముప్పై రోజుల్లో చెప్పాలి. ఆ పోస్టల్ ఆర్డరు కూడా వాళ్ల కౌంటర్లోనే కొనాలి, అదొక తమాషా.

ఇక కన్జూమర్ కోర్టు. మీ తమ్ముడు చెప్పినదాంట్లో సగం కరెక్టు. జిల్లా వినియోగదారుల కమిషన్ శ్రీకాకుళంలో ఉంది, విజయనగరంలోనూ ఉంది. 2019 చట్టం ప్రకారం మీరు ఉంటున్న చోటే వేయొచ్చు, పుణె వెళ్లక్కర్లేదు. 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, రెండేళ్ల వరకూ టైముంది, ఆన్‌లైన్లో కూడా వేయొచ్చు. ఇవన్నీ బాగున్నాయి. కానీ 5,600 ఇప్పించమని వేస్తే అవతలివాళ్లు ఆ పదో సెక్షన్ తీసి బల్ల మీద పెడతారు, పాత ఆరో సెక్షన్ మీద పై కోర్టుల తీర్పులు వాళ్ల వైపు చాలా ఉన్నాయి. అదే మీరు "రూల్ ప్రకారం రావలసినది కూడా ఇవ్వలేదు, ఫిర్యాదు పెడితే జవాబే లేదు" అని వేస్తే కథ వేరు, అప్పుడు మీరు అడిగేది వాళ్లు తాము ఒప్పుకున్నదే. కాబట్టి నా సలహా, ఇప్పుడే కేసు వద్దు. ముందు కాగితాలు నడపండి, కాదంటే అవే కాగితాలు కేసుకి ఆధారం. 824 కోసం వాయిదాలకి స్కూలు సెలవులు ఎన్ని పెట్టుకోవాలో కూడా చూసుకోవాలి కదా. పంతానికి వేస్తానంటే మీ ఇష్టం, పంతానికీ ఒక విలువుంటుంది, కాదనను.

షాపు సంగతి మీరు అడగలేదు గానీ నేను అడుగుతాను. పెట్టె కట్టింది వాళ్లు. పోస్టు చేసింది మీరు. మీ చేతికి బాగున్న వీణ ఇచ్చాక దారిలో విరిగితే వాళ్లని పట్టుకోవడం కష్టం. అదే మీరు డబ్బులిచ్చి "మీరే పుణె పంపేయండి" అని ఉంటే, అది చేరేదాకా పూచీ వాళ్లదని గట్టిగా అడగొచ్చు. ఆన్‌లైన్లో కొన్నప్పుడూ అంతే. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం వస్తువు పాడై వస్తే వెనక్కి తీసుకోనని అమ్మినవాడు అనడానికి లేదు, ఫిర్యాదు అధికారి 48 గంటల్లో అందిందని చెప్పి నెలలోపు తేల్చాలి. కాబట్టి ఆన్‌లైన్ పార్సిల్ విరిగొస్తే కొరియర్ కుర్రాడి వెంట పడకండి, అమ్మినవాళ్లని పట్టుకోండి, వినకపోతే వినియోగదారుల 1915 హెల్ప్‌లైన్ ఉంది. ఇకమీదట దూరానికి పంపాల్సినప్పుడు, ఓ వంద ఎక్కువ తీసుకున్నా సరే, షాపువాళ్ల పేరు మీదే బుక్ చేయించండి.

కొరియరే మేలు అన్న మాటకి నా కథ ఒకటి చెప్పాలి. ఆరేడేళ్ల కిందట మా అమ్మ ఆవకాయ జాడీ ఒక ప్రైవేటు కొరియర్లో హైదరాబాదు పంపాను, పేరు వద్దులెండి. జాడీ నెర్రె ఇచ్చింది. నూనె కారి పక్కనున్న ఎవరిదో పార్సిల్ కూడా తడిసిందట, నా దగ్గరే డబ్బులు అడుగుతారేమో అని భయపడ్డాను. రసీదు వెనక తిప్పి చూస్తే ఆవగింజంత అక్షరాల్లో "మా బాధ్యత 100 రూపాయల వరకే" అని ఉంది, ముందు పక్క నేను సంతకం పెట్టి ఉన్నాను. భూతద్దం తెచ్చి చదివాను, నిజం. ఆ సంతకం ఊరికే పోదు. 1996లో సుప్రీంకోర్టు ఒక కొరియర్ కేసులో, సంతకం పెట్టిన కాగితంలో 100 డాలర్ల పరిమితి ఉంటే అంతే వస్తుందని తేల్చింది. అంటే కొరియర్ అయినంత మాత్రాన పూర్తి డబ్బు రాదు. ఒక్క తేడా ఏమిటంటే, రోడ్డు మీద సరుకు మోసే ప్రైవేటు వాళ్లకి 2007 చట్టం ఒకటుంది, కొరియర్ ఏజెన్సీలూ అందులోకి వస్తాయి. విలువ ఎక్కువని ముందే రాసి అదనపు చార్జీ కట్టకపోతే కిరాయికి పది రెట్ల వరకే బాధ్యత, కేసు వేయాలంటే బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోపు రాతపూర్వక నోటీసు ఇచ్చి తీరాలి. పది రెట్లంటే పోస్టు కన్నా నయమే అనిపిస్తుంది, ఆ నోటీసు సంగతి తెలియక చాలామంది అక్కడే పోగొట్టుకుంటారు.

అసలు మందు ఇన్సూరెన్సే. "ఇన్సూరెన్స్ చేశారా?" అన్న మాట కౌంటర్లో ఆయన విరిగాక కాదు, బుక్ చేస్తున్నప్పుడే అడిగి ఉండాలి. స్పీడ్ పోస్టు పార్సిల్‌ని లక్ష రూపాయల వరకూ ఇన్సూర్ చేయించొచ్చు, ఊళ్లోని బ్రాంచి పోస్టాఫీసులో పెద్ద మొత్తానికి చేయరు, సబ్ పోస్టాఫీసుకో హెడ్ పోస్టాఫీసుకో వెళ్లాలి. ఉన్న ధరకన్నా ఎక్కువ రాస్తే ఎక్కువ రాదు, బిల్లు ఉంచుకోండి. "రిజిస్టర్ చేయించాను కదా" అని కొందరు ధీమాగా ఉంటారు. 2025లో రిజిస్టర్డ్ పోస్టుని స్పీడ్ పోస్టులోనే కలిపేశారు, అయినా రిజిస్ట్రేషన్ ముఖ్యంగా చేరినట్టు సంతకానికే, విరిగితే వస్తువు ధర దాంతో రాదు.

ఇన్సూరెన్స్ ఉన్నా ప్యాకింగ్ బాగాలేదంటే ఫైలు వెనక్కొస్తుంది. మీరు పంపిన ఫోటో చూశాను. వీణ పెట్టె అడుగుకి ఆనుకుని ఉంది, చుట్టూ న్యూస్‌పేపరు ఉండలు. కుండ బరువు, దండి సన్నం. పెట్టె మూల మీద పడితే కుండ ఒక వైపు లాగుతుంది, దండి మెడ దగ్గర తట్టుకోలేదు, సరిగ్గా అక్కడే విరిగింది. "జాగ్రత్త, పగిలేది" అని పైన ఎర్ర స్కెచ్‌తో రాస్తే బస్తాలో దాన్ని ఎవరూ చదవరు. పెట్టెలో పెట్టె ఉండాలి, రెండిటి మధ్య బెత్తెడు మెత్త, దండి కింద పొడవునా థర్మాకోల్ గాడి చేసి దాంట్లో పడుకోబెట్టాలి, తంతులు వదులు చేయాలి, తంతులు బిగించే బిరడాలు, యాళి తల విడిగా వస్తే విడిగా చుట్టాలి. మూసేశాక పెట్టెని ఊపితే చప్పుడు రాకూడదు. మా తాతగారి కాలంలో గడ్డి కుక్కి, పైన గుడ్డ కుట్టి, కుట్ల మీద లక్క వేసేవారు, ఎవరైనా విప్పితే లక్కే చెప్పేది. ఇప్పుడు లక్క దొరక్కపోయినా ఆ కుట్టే పద్ధతి వస్తువుకి మంచిదే.

ఇక మీ వీణ. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో తరాలుగా పనస కర్రతో వీణలు చేసే కుటుంబాలు ఉన్నాయి, మీది అక్కడిదే అయి ఉండొచ్చు. ఒకే దుంగలో తొలిచిన ఏకాండి అయితే విరిగిన మెడని అతికించినా గీత కనబడుతుంది, గోడ మీద పెట్టుకునేదానికి పర్వాలేదు. అతుకు వీణ అయితే విడిపోయింది అతుకు దగ్గరే కావచ్చు, మళ్లీ కూర్చుతారు. ఫోటోలు ముందు వాళ్లకి పంపి, బాగుచేయడానికి ఎంతవుతుందో కాగితం మీద రాయించుకోండి, ఫిర్యాదులో అదీ జత చేయొచ్చు. కానీ పోస్టు వాళ్ల పరిశీలన అయ్యేదాకా, లేదా అక్కర్లేదని రాసిచ్చేదాకా ఫెవికాల్ పూయొద్దని మీ మేనకోడలికి చెప్పండి, ఈ కాలం పిల్లలు యూట్యూబ్ చూసి ఆదివారం మధ్యాహ్నం అతికించేస్తారు. అదయ్యాక సంక్రాంతికి వచ్చేటప్పుడు తనే తెమ్మనండి. పుణెలో కోణార్క్ ఎక్కితే విజయనగరంలో దిగొచ్చు, అక్కడి నుంచి బొబ్బిలికి బస్సులకి కొదవ లేదు. మళ్లీ పోస్టు మాత్రం చేయొద్దు, ఒళ్లో పెట్టుకుని తెమ్మనండి.